జోరు ఎవరి చేతిలో ఉంది? నలభై ఐదు దాటాక యుద్ధకళ ఎంచుకోవడం

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో జరిగే కరాటే క్లాసుకు మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మ అనుకుని మాస్టర్ ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. నేర్చుకోవడానికి వచ్చింది నేనేనండీ అన్నాను. ఒక్క క్షణం ఆగి, "వెరీ గుడ్ మేడమ్, వెనక లైన్లో నిలబడండి" అన్నారు. నా పక్కన ఏడేళ్ల పిల్ల. గంట అయ్యేలోపు "ఆంటీ, మీ బెల్ట్ ఊడిపోయింది" అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి తనే ముడి వేసింది.

నాలుగో వారంలో నా తొడ వెనక కండరం చిరిగింది. పక్కకు తన్నే కిక్ అది. "నడుము పైకి వెళ్లాలి, అందరూ!" అని మాస్టర్ కేకేశారు. పిల్లల కాళ్లు గాల్లోకి లేచాయి. వాళ్లతోపాటు నాదీ లేచింది, ఆ ఒక్కసారికే. ఆరు వారాల పాటు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. ఈ వయసులో నీకెందుకు ఇవన్నీ అని ఇంట్లో తలా ఒక మాట అన్నారు. ఫిజియోథెరపిస్ట్ కూడా అదే అంటారని సిద్ధపడే వెళ్లాను. ఆయన మాత్రం, "కాలు ఎంత ఎత్తు లేపాలో మీరు అనుకున్నారా, వాళ్లు చెప్పారా?" అని అడిగారు.

కేస్ షీట్‌లో రాసుకోవడానికి అడిగి ఉంటారు. నాకు మాత్రం ఈ చిక్కుముడికి కొస అక్కడే దొరికింది.

అడిగేది ఒకటి, లోపల ఉన్నవి మూడు

అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: మన వయసుకు ఏది మంచిది, కరాటేనా, తాయ్ చీనా (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా యుద్ధకళ)? కాస్త కదిపి చూస్తే ఆ ప్రశ్నలో మూడు కోరికలు కలగలిసి ఉంటాయి. ఎవరైనా మీదకొస్తే ఎదుర్కోవాలి. మోకాళ్లూ నడుమూ బాగుండాలి. మూడోది పైకి చెప్పరు: పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోయారు, సాయంత్రాలు ఖాళీ, మళ్లీ ఒకసారి ఏమీ రానివాళ్లలా మొదటి నుంచి ఏదైనా నేర్చుకోవాలని ఉంది. ఈ మూడూ మంచి కోరికలే. ఒకే కళ మూడింటినీ సమానంగా తీర్చదు, గొడవంతా అక్కడే.

మొదటి కోరిక సంగతి ముందు తేల్చేద్దాం. హైదరాబాద్‌లో మా వయసు ఆడవాళ్లను ఆత్మరక్షణ ఎందుకని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది చెయ్యి మెడ దగ్గరికే వెళ్తుంది, గొలుసు మీదకి. గొలుసు తెంపుకుపోయేవాడు బైక్ మీద వెనక నుంచి వస్తాడు. మనకు తెలిసేసరికి వీధి చివర ఉంటాడు. అక్కడ బ్లాక్ బెల్ట్ పంచ్‌కు అవకాశమే లేదు. అసలు దెబ్బ తగిలేది గొలుసు లాగిన ఊపుకు సిమెంట్ రోడ్డు మీద పడినప్పుడు. అంటే ఆ రెండు సెకన్లలో పనికొచ్చే విద్య ఏదన్నా ఉంటే అది పడటం. ఇంకోటి కూడా చెప్పాలి: వారానికి రెండు గంటలు నేర్చుకున్న విద్యతో కత్తి పట్టుకున్నవాడి ముందు నిలబడగలమని ఎవరైనా మాస్టర్ చెబితే, ఆ క్లాసు నుంచి మెల్లగా బయటికి రావడమే ఆత్మరక్షణ.

ఇప్పుడు ఫిజియో అడిగిన మాట దగ్గరికి వద్దాం. యుద్ధకళలను దేశాల వారీగానో, గుద్దేవి, పట్టేవి, కర్రతో ఆడేవి అనో విడదీస్తారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ విభజన సరిపోతుంది. నలభై ఐదు దాటినవాళ్లకు ఇంకో విభజన కావాలి: సాధన చేస్తున్నప్పుడు మీ ఒంటి మీద పడే జోరు ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనా, ఎదుటివాడి చేతిలోనా, భూమి చేతిలోనా?

తాయ్ చీ చేస్తున్నప్పుడు జోరు పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. కరాటేలో ఒంటరిగా చేసే కాటా, కర్రసాము, బాక్సింగ్ బ్యాగును గుద్దడం, ఇవన్నీ కూడా అంతే. మోకాలు ఇవాళ బాలేదా, రెండు అంగుళాలు తక్కువ వంచుతారు. ఎదురుగా మనిషిని పెట్టుకుని కరాటే కుమితే చేస్తే, తైక్వాండో స్పారింగ్ చేస్తే, సగం జోరు అవతలివాడి దగ్గరికి పోతుంది. వాడికి ఇరవై రెండేళ్లయి, ఆఫీసులో బాస్ తిట్టిన రోజైతే మీ పక్కటెముకలకు తెలుస్తుంది. జూడోలో మిమ్మల్ని ఎత్తి వేస్తే, కాళ్లు నేలను వదిలిన క్షణం నుంచి జోరు భూమిది. భూమి ఎవరి వయసూ అడగదు.

కళ ఒకటే అయినా క్లాసులో ఏ భాగం చేస్తున్నారనే దాన్ని బట్టి జోరు చేతులు మారుతుంది. అందుకే "కరాటే మంచిదా కాదా" అనే ప్రశ్నకు జవాబు ఉండదు. నా కండరం చిరిగింది కాటా వల్ల కాదు, స్పారింగ్ వల్ల కూడా కాదు. నా చేతిలో ఉండాల్సిన ఎత్తును నేను మాస్టర్ కేకకు ఇచ్చేశాను.

ఒంట్లో ఏం మారుతుంది

ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు కండ తగ్గుతూ వస్తుందని డాక్టర్లు చెబుతారు. అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ఇది చెడ్డ వార్తలా ఉన్నా కండ తిరిగి వస్తుంది, యాభైలోనూ వస్తుంది, డెబ్బైలోనూ వస్తుంది. చిక్కు ఎక్కడంటే, కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్‌లు దానంత త్వరగా బలపడవు. వాటికి రక్త సరఫరా తక్కువ. కొత్తగా చేరినవాళ్లకు రెండో నెలలో ఒక హుషారు వస్తుంది. కండకు బలం వచ్చింది, ఊపిరి నిలుస్తోంది, మాస్టర్ మెచ్చుకున్నారు. టెండన్ మాత్రం ఇంకా మొదటి వారంలోనే ఉంటుంది. మడమ వెనక, మోచేతి దగ్గర, భుజంలో నొప్పులు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. మొదటి ఆరు నెలలు వారానికి రెండు రోజులు చాలు అని నేను మొండిగా చెప్పేది ఇందుకే. మూడో రోజు వెళ్లాలనిపిస్తే కేబీఆర్ పార్కులో నడిచి రండి.

ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నెలసరి ఆగిపోయాక కొన్నేళ్ల పాటు ఎముకల సాంద్రత వేగంగా తగ్గుతుంది. బరువు మోసే కదలికలు, అడుగు గట్టిగా వేసే సాధన ఎముకకు మంచివే. కానీ ఎముకలు ఇప్పటికే గుల్లబారి ఉంటే పడటం ప్రాక్టీస్ చేయకూడదు. పడే కళల్లోకి వెళ్లే ముందు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించుకోవడం చాదస్తం కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా డాక్టర్‌ని అడగకుండా విసిరే కళల జోలికి, తల మీద గుద్దే కళల జోలికి పోవద్దు.

షుగర్ గురించి చెప్పకుండా హైదరాబాద్‌లో ఏ ఆరోగ్య వ్యాసమూ పూర్తవదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి ఆ జబ్బు ఉంది. యుద్ధకళకు సంబంధించినంతవరకు చూసుకోవాల్సినవి రెండు. ఎక్కువ ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. ఈ క్లాసుల్లో చాలావరకు చెప్పులు లేకుండానే జరుగుతాయి కాబట్టి కాలికి దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోవాలి. రెండోది భుజం పట్టేయడం, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు కదా, అది షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. చెయ్యి మెలిపెట్టే పట్లు ఉన్న ఐకిడో లాంటివి అలాంటి భుజానికి నరకం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల బ్యాగులో చాక్లెట్ ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక బ్యాలెన్స్. ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి, పక్కన గోడ ఉంచుకుని. 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం 51 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లు 1702 మందిని ఇలా నిలబెట్టి చూసింది. నిలబడలేకపోయినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. ఒంటికాలి మీద నిలబడకపోవడం వల్ల ఎవరూ చనిపోరు. ఒంట్లో ఉన్న నలతంతా అక్కడ బయటపడుతుంది. రెండో పరీక్ష మన పెద్దవాళ్లు రోజుకు పదిసార్లు చేసినదే: నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. డైనింగ్ టేబుల్ వచ్చాక మనింట్లో ఆ విద్య పోయింది. మా అమ్మ డెబ్బై ఏళ్లకి కూడా విస్తరి ముందు నుంచి అలాగే లేచేది. నేను నలభై ఎనిమిదిలో కుడి చెయ్యి, ఎడమ మోకాలు, సోఫా అంచు, మూడూ వాడాను.

పడటం

కండరం మానాక వేరే చోట ఒక జూడో మాస్టర్ దగ్గర చేరాను, ఒక్క షరతు మీద: నన్ను ఎవరూ ఎత్తి వేయకూడదు, పడటం మాత్రం నేర్పాలి. ఆయన నవ్వి, "అది నేర్చుకుంటే సగం జూడో వచ్చినట్టే అమ్మా" అన్నారు. జపాన్ భాషలో దాన్ని ఉకెమి అంటారు.

మొదటి రోజు వెల్లకిలా పడుకోబెట్టారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా ఎత్తి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టి, ఒక్కసారిగా ఒంటికి ఇరుపక్కలా మ్యాట్ మీద చరచాలి. చాకిరేవులో బట్ట బాదినట్టు చప్పుడు రావాలి. అరచెయ్యి ఒక్కటే కాదు, మోచేతి వరకు మొత్తం ఒకేసారి తగలాలి. గంటసేపు అదే. రెండో వారం కూర్చుని వెనక్కి దొర్లి చరచడం. నెలకు గొంతుక్కూర్చుని. నిలబడి వెనక్కి పడింది మూడో నెలలో. అప్పుడు కూడా ముందు కూర్చున్నట్టు కిందికి జారి, వీపును గిన్నెలా గుండ్రంగా చేసి దొర్లడమే తప్ప చెట్టు కూలినట్టు పడటం ఉండదు. "కళ్లు ఎక్కడ పెట్టాలి?" అని అడిగితే, "బెల్టు ముడి మీద" అన్నారు. ముడిని చూస్తున్నంతసేపు గడ్డం ఛాతీని వదలదు, తల వెనక్కి పోదు. ఎన్ని వందల ఏళ్లు పడి పడి కనిపెట్టారో గానీ, ఇంత చిన్న మాటలో అంత పెద్ద రక్షణ నేను ఇంకెక్కడా చూడలేదు.

చెయ్యి చరచడం ఎందుకంటే, దెబ్బ ఒక్క చోట పడకుండా చెయ్యి పొడవునా, వీపు పొడవునా పంచుకుంటుంది. ఇంకా పెద్ద కారణం, ఆ చెయ్యి వెనక్కి వెళ్లి నేలకు ఊతం పెట్టకుండా ఉంటుంది. బాత్రూమ్‌లో జారిన మనిషి సహజంగా అరచెయ్యి చాచి నేలను ఆపుతాడు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. పెద్దవాళ్ల చేతికి కనిపించే సిమెంట్ కట్లలో చాలా వాటి కథ అదే. ఆ అలవాటును చెరిపి ఇంకో అలవాటు రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొన్న వానాకాలం మా అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద కాలు జారినప్పుడు కూర్చుండిపోయి పక్కకు దొర్లాను. మోచెయ్యి గీరుకుంది, సంచిలో టమాటాలు చితికాయి. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "అట్ల పల్టీ కొట్టిన్రేంది మేడమ్" అన్నాడు.

జూడోను 1882లో టోక్యోలో జిగోరో కానో మొదలుపెట్టారు. ఒక గుడిలో, పన్నెండు చాపలు పరిచిన గదిలో. బడి పిల్లల నుంచి పెద్దల దాకా దెబ్బ తగలకుండా నేర్చుకునేలా పాత జుజుత్సు నుంచి ప్రమాదమైన పట్లు తీసేసి కూర్చారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లోకి వచ్చాక అందరి కళ్లలో అది ఎత్తి వేసే ఆటగా నిలిచిపోయింది. కానీ అదే జూడోలో జు నో కాటా అని ఒకటి ఉంది. ఇద్దరు కలిసి నెమ్మదిగా చేస్తారు. ఎత్తుతారు గానీ వేయరు, కిందికి దింపేస్తారు. కానో దగ్గర నేరుగా నేర్చుకున్న కైకో ఫుకుదా అందులో దిట్ట. 2011లో, 98 ఏళ్ల వయసులో ఆమెకు పదో దాన్ ఇచ్చారు, జూడోలో అన్నిటికన్నా పై మెట్టు అది.

ఇలాంటి కథలు వాట్సాప్‌లో తిరిగినప్పుడు ఒక మాట ఎవరూ చెప్పరు. ఫుకుదా జూడో మొదలుపెట్టింది ఇరవైల్లో. చీర కొంగు బిగించి కత్తి తిప్పే కేరళ కలరి గురువు మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆమె ఫోటో చూసి కలరిపయట్టులో చేరతామనేవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఆమె ఏడేళ్లప్పుడు మొదలుపెట్టారు. నేల మీద ఆనేంత కిందికి వంగే ఆ భంగిమలు డెబ్బై ఏళ్ల మోకాలు మోసింది డెబ్బై ఏళ్లుగా మోస్తూ వచ్చింది కాబట్టి. ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ఇద్దరూ దండం పెట్టుకోవడానికే, కొలత పెట్టుకోవడానికి కాదు.

మిగతావి, ఒక్కొక్కటిగా

తాయ్ చీకి వైద్య పరిశోధన అండ బాగా ఉంది. పెద్దవాళ్లు పడిపోకుండా ఏ వ్యాయామం పనికొస్తుందో చూసిన 2019 కాక్రేన్ సమీక్ష (చాలా పరిశోధనలను కలిపి తూచి చూసేది), తాయ్ చీ వల్ల పడటాలు సుమారు 19 శాతం తగ్గవచ్చని తేల్చింది. అదే సమీక్షలో బ్యాలెన్స్‌కు సంబంధించిన మామూలు వ్యాయామాల ఫలితం కూడా తక్కువేమీ కాదు, ఇంకాస్త ఎక్కువే. ఈ రెండో సగాన్ని తాయ్ చీ నేర్పేవాళ్లు చెప్పరు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నిలకడ పెరుగుతుందని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎక్కువమంది నేర్చుకునే 24 భంగిమల వరుసను 1956లో చైనా క్రీడా శాఖ సామాన్యుల కోసం కుదించింది. చేస్తే ఐదారు నిమిషాల పని. నెమ్మదిగా ఉంది కదా అని వీడియో చూసి ఇంట్లో మొదలుపెడితే మోకాళ్లు పాడవుతాయి, ఎందుకంటే పాదం నేల మీద అతుక్కుని ఉండగా ఒళ్లు తిప్పితే మెలిక మోకాలికి పడుతుంది. మోకాలు ఎప్పుడూ కాలి బొటనవేలి దిశలోనే చూడాలి. ఇది పక్కన నిలబడి చూసేవాళ్లు ఉంటేనే కుదురుతుంది.

కరాటే మీద నాకు ఇప్పటికీ ప్రేమే. మళ్లీ వెళ్తున్నాను కూడా. నేను నేర్చుకున్న మొదటి కాటా హెయాన్ షోదాన్, 21 కదలికలు. దాని మూలం జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి మాస్టర్ ఇతోసు అంకో 1900ల తొలి ఏళ్లలో బడి పిల్లల కోసం కూర్చినది. దాన్ని జపాన్ ప్రధాన భూభాగానికి తీసుకెళ్లి ఇప్పటి పేరు పెట్టిన ఫునకోషి కూడా బడి పంతులే. ఆ లెక్కన నా పక్కన నిలబడిన ఏడేళ్ల పిల్లే అసలు విద్యార్థి, నేనే చొరబడ్డాను. కరాటేలో నాకు నచ్చిన ఇంకో సంగతి కియాయ్, ఆ కేక. సిగ్గుపడి నోరు మూసుకునేవాళ్లు ఊపిరి బిగబడతారు, ఊపిరి బిగబట్టి కండరం బిగిస్తే బీపీ ఎగురుతుంది. కేక పెడితే గాలి బయటికి పోవాల్సిందే. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు తప్పకుండా అరవాలి. అరవనివ్వని ఇంట్లో పెరిగినవాళ్లకు దాని సుఖం వేరే.

బ్రెజిలియన్ జుజుత్సు ఇప్పుడు గచ్చిబౌలి వైపు ఐటీ వాళ్లలో బాగా నడుస్తోంది. నేల మీద కూర్చునో పడుకునో పట్టు పట్టడం. ఎత్తు నుంచి పడటం తక్కువ కాబట్టి భూమి జోరు తగ్గింది, ఎదుటివాడి జోరు పెరిగింది. అయితే ఈ కళలో ఒక తాళం చెవి మీ దగ్గరే ఉంటుంది: రెండుసార్లు తట్టితే అవతలివాడు వదిలేయాలి. తట్టడానికి సిగ్గుపడనివాళ్లకు యాభైలోనూ ఇది కుదురుతుంది. మెడలో డిస్క్ సమస్య ఉన్నవాళ్లకు కుదరదు. ఎదుటివాళ్ల ఒళ్లు ఆనుకుని చేసే సాధన కాబట్టి ఆడవాళ్లు ముందే అడగాలి, జోడీగా ఆడవాళ్లు ఉన్నారా అని. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, మంచి మాస్టర్ ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తూ ఉంటాడు. ఇంకొకటి, తామర. మన ఉక్కపోతలో చెమట మ్యాట్ మీద నుంచి అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మ్యాట్లు రోజూ తుడుస్తారా అని చూసుకోండి.

బాక్సింగ్‌లో బ్యాగు, స్కిప్పింగ్, ఫుట్‌వర్క్ వరకు హాయిగా చేయండి. మా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఈ కోరిక చాలామందికి పుట్టింది, నాకూ పుట్టింది. తల మీద గుద్దించుకోవడం మాత్రం ఈ వయసులో దేనికీ పనికిరాదు. తైక్వాండో చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని ప్రాణం తల ఎత్తు కిక్కుల్లో ఉంది, మన తుంటి కీళ్లు దానికి ఒప్పుకోవు. రెండు రోజుల్లో ఆత్మరక్షణ నేర్పుతామనే ఆఫీసు వర్క్‌షాపులు సరదాకి సరే.

మన కర్రసామును మాత్రం ఎందుకో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పడేది లేదు, పట్టేది లేదు, జోరంతా మణికట్టులో. వెదురు కర్ర ఒకటి చాలు. రెండు చేతులూ సమానంగా తిరుగుతాయి, అడుగులు ముందుకీ వెనక్కీ పక్కకీ పడతాయి. నడకకు వెళ్లేవాళ్లకు ఎప్పుడూ దొరకని పక్క అడుగు ఇక్కడ ఊరికే దొరుకుతుంది. ఒకప్పుడు ఊరూరా తాలింఖానాలు ఉండేవి. మన పాతబస్తీలో కుస్తీ నేర్పే చోటును ఇప్పటికీ తాలీం అంటారు. తాలీం అంటే అరబ్బీలో చదువు అనే అర్థం. కుస్తీకీ చదువుకీ ఒకే మాట వాడిన ఊరు ఇది. నేర్పేవాళ్లను వెతకడమే కష్టం. దొరికితే వదలొద్దు. భుజం పైకెత్తలేనివాళ్లు మాత్రం ముందు భుజం బాగు చేయించుకుని రావాలి.

క్లాసు చూడటం

కళ కన్నా క్లాసు ముఖ్యం అని అందరూ అంటారు, ఏం చూడాలో చెప్పరు. నేను ముందు నేల చూస్తాను. సెల్లార్ పార్కింగ్‌లో సిమెంట్ మీద, ఫంక్షన్ హాల్లో గ్రానైట్ మీద పలచటి షీట్ పరిచి దూకించే క్లాసులు మన ఊళ్లో కొల్లలు. పిల్లల మోకాళ్లు ఓర్చుకుంటాయి, మనవి ఓర్చుకోవు. మ్యాట్ మీద మడమతో గట్టిగా తొక్కండి. కింద గచ్చు తెలిస్తే అక్కడ గెంతే పని పెట్టుకోవద్దు.

తర్వాత, క్లాసులో అందరికన్నా పెద్దవాళ్లెవరో చూసి, మాస్టర్ వాళ్లతో ఎలా ఉన్నారో ఒక గంట గమనించండి. వాళ్లను ఒక మూల వదిలేశారా? పిల్లలతో సమానంగా తోలుతున్నారా? "మీ మోకాలికి ఇది వద్దు, దీని బదులు ఇది" అని ఒక్కసారైనా అన్నారా? ఆ మూడో మాట విన్న చోట చేరండి. జోరు మీ చేతిలో ఉంచడం తెలిసిన మాస్టర్ అలాగే మాట్లాడతాడు.

డబ్బు విషయంలో నాకొక దెబ్బ తగిలింది. ఒక సెంటర్‌లో డిస్కౌంట్ అంటే ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాను. రెండు నెలలకు మాస్టర్ మారిపోయారు, వచ్చిన కుర్రాడు నాకు స్పారింగే నేర్పుతానన్నాడు. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు నెల నెలా కడతాను, ఎక్కువైనా సరే. బెల్ట్ టెస్టు ప్రతి మూడు నెలలకూ ఉందంటే, ఫీజు ఎంతో ముందే అడిగి రాసుకోండి. బెల్టు మీద నాకు చులకన లేదు. పసుపు బెల్టు వచ్చిన రోజు ఇంటికి వచ్చి మూడు ఫోటోలు తీయించుకున్నాను.

దూరం గురించి ఒక్క వాక్యం: ట్రాఫిక్‌లో ముప్పావుగంట పట్టే గొప్ప మాస్టర్ కన్నా నడిచి వెళ్లగలిగే ఓ మోస్తరు మాస్టర్ మేలు.

మా అక్క లెక్క

ఇదంతా కాగితం మీద బాగానే ఉంటుంది. మా అక్కకు వర్తింపజేసి చూశాను. కొంపల్లిలో ఉంటుంది, యాభై ఎనిమిదేళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, ఎడమ మోకాలు అరిగింది, ఒంటికాలి మీద నాలుగు సెకన్లు. తనకు కావాల్సింది ఫైటింగ్ కాదు. "ఊరికే నడిచి నడిచి విసుగొచ్చిందే, చేతిలో ఏదైనా ఉండాలి" అంది. జూడో తీసేశాం, ఎముకల రిపోర్టు చూశాక పడటం కూడా తీసేశాం. కరాటేలో ఆ లోతైన నిలబడే భంగిమలు మోకాలికి పడవు. తాయ్ చీ అన్ని విధాలా సరిపోయింది, అక్కకు తప్ప. రెండు క్లాసులు వెళ్లి, "నిద్రొస్తోంది" అని మానేసింది. మంచిదని డాక్టర్లు చెప్పిన కళ మూడో వారానికి మానేస్తే ఎవరికి మంచిది?

చివరికి వాళ్ల కాలనీలోనే ఒక పెద్దాయన కర్రసాము నేర్పుతారని తెలిసింది. భుజాలు రెండూ చెవుల పక్కకు లేస్తున్నాయా అని చూసుకుని, అరికాళ్ల కోసం పలచటి కాన్వాస్ బూట్లు కొని, ఆయన దగ్గరికి పంపాం. ఆయన మొదటి నెలంతా కర్ర ఇవ్వలేదట, అడుగులే వేయించారు. కర్ర ఇచ్చిన రోజు అక్క ఫోన్ చేసి అరగంట మాట్లాడింది.

వారం తిరక్కుండా ఇంట్లో ప్రాక్టీస్ చేస్తూ హాల్లో ట్యూబ్‌లైట్ పగలగొట్టింది. ఇప్పుడు డాబా మీదే చేస్తుంది. ఆ టైంలో బావగారు బట్టలు తీయడానికి కూడా పైకి వెళ్లరు.